రాని సీసాల కొట్టు

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, విశ్వవిద్యాలయం వైపు సాగే యూనివర్సిటీ అవెన్యూ మీద, 1011 నంబరు భవనంలో ప్రీమియర్ క్రూ అనే కొట్టు ఉండేది. వైన్స్ అని బోర్డు కట్టి క్వార్టర్ సీసాలమ్మే మన వీధి చివరి దుకాణం లాంటిది కాదు. బోర్డో, బర్గండీ లాంటి ఫ్రాన్సు సీమల్లో పేరు మోసిన తోటల వైన్లు, కొన్నయితే ఏడాదికి కొద్ది వేల సీసాలకు మించి తయారు కానివి, అక్కడ దొరుకుతాయని ప్రతీతి. జాన్ ఫాక్స్ అనే వర్తకుడు 1980లో ఒక భాగస్వామితో కలిసి ఆ వ్యాపారం మొదలుపెట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం తూర్పు గట్టున చాలా ఏళ్ళు ఎమెరీవిల్‌లో నడిపి, ఆ తర్వాత బర్క్‌లీకి మార్చాడు. కొట్టు మారినా ఖాతాదారులు మారలేదు. అమెరికా నలుమూలల నుంచీ, హాంకాంగ్ నుంచీ ఆర్డర్లు వచ్చేవి. ఆర్డరు పెట్టినవాళ్ళు ముందుగానే డబ్బు కట్టేవాళ్ళు.

2016 జనవరి 8న ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. చూపించిన అప్పు దాదాపు ఏడు కోట్ల డాలర్లు, ఆస్తి అందులో పదోవంతు. అప్పులవాళ్ళ పట్టీ విప్పితే బ్యాంకుల పేర్లు కొన్నే. తక్కినవి వేల కొద్దీ మామూలు మనుషుల పేర్లు. డాక్టర్లూ లాయర్లూ ఉన్నారు, నెలనెలా కొంత పక్కన పెట్టుకుని ఏడాదికో పెట్టె కొనుక్కునే ఉద్యోగస్తులూ ఉన్నారు. వీళ్ళెవరూ అప్పిచ్చామని అనుకోలేదు. కొనుక్కున్నామనుకున్నారు.

ముప్పై అయిదేళ్ళు నడిచిన కొట్టు ఇలా ఎలా కూలిందని అడిగితే సులువైన జవాబొకటి సిద్ధంగా ఉంటుంది: యజమాని దొంగ, కొన్నవాళ్ళు ఆశపోతులు. అందులో అబద్ధం లేదు గానీ, అది నాకు చాలలేదు. ఇన్నేళ్ళు ఆ దొంగతనం కంటికి ఆనకుండా ఎలా దాగింది? ఆ సంగతి తెలియాలంటే బర్క్‌లీ వదిలి బోర్డో వెళ్ళాలి.

బోర్డోలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద్రాక్ష కోస్తారు. తొక్కి, పులియబెట్టి, ఆ రసాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోస్తారు. ఒక్కో పీపాకు 225 లీటర్లు, అంటే సుమారు 300 సీసాలు. మరుసటి ఏడాది ఏప్రిల్ వచ్చేసరికి, అంటే వైన్ ఇంకా ఆర్నెల్ల పసికూనగా ఉండగానే, ప్రపంచం నలుమూలల నుంచి వ్యాపారులూ విమర్శకులూ అక్కడికి చేరుకుంటారు. నల్లగా చిక్కగా నాలుకను పీకే ఆ రసాన్ని పుక్కిలించి ఉమ్ముతారు. సాయంత్రానికి అందరి పళ్ళూ నేరేడు పళ్ళు తిన్న పిల్లల పళ్ళలా ఉంటాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఇది ఎలా ఉంటుందో ఆ పుక్కిలింత మీదే అంచనా కట్టి మార్కులు వేస్తారు. ఆ మార్కులు చూసుకుని తోటల యజమానులు ధర ప్రకటిస్తారు. నెగోసియాన్లు అనే మధ్యవర్తుల ద్వారా ఆ సరుకు అప్పటికప్పుడే అమ్ముడైపోతుంది. వైన్ మాత్రం పీపాలోనే మరో ఏడాది పైన ఉంటుంది. సీసాలకెక్కి, తోట పేరు కాల్చి ముద్రవేసిన చెక్కపెట్టెల్లో సర్దుకుని, ఓడెక్కి, కొన్నవాడి గుమ్మం చేరేసరికి డబ్బు కట్టి రెండేళ్ళు దాటుతుంది. ఈ పద్ధతిని వాళ్ళు ఆన్ ప్రిమర్ అంటారు. చట్టబద్ధమైనది, ఎన్నో దశాబ్దాలుగా మర్యాదగా నడుస్తున్నది.

గుమ్మం చేరినంత మాత్రాన తాగరు కూడా. మంచి సంవత్సరపు బోర్డోను పది పదిహేనేళ్ళు చల్లటి చీకటి గదిలో పడుకోబెట్టి ఉంచుతారు. ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఈ ఒక్క సరుకు దగ్గర ఆ సామెత తలకిందులవుతుంది. పప్పుల కొట్టువాడు వారం ఆలస్యం చేస్తే ఇంకో కొట్టుకు పోతాం. బట్టల షాపు నెల ఆలస్యం చేస్తే తగాదా పెట్టుకుంటాం. వైన్ ప్రియుడికి రెండేళ్ళు ఆగడం మామూలు, మూడేళ్ళు ఆగడం కొంచెం చిరాకు, నాలుగోది వచ్చేసరికి తను ఆ సరుకు కొన్న సంగతే మరిచిపోయి ఉంటాడు. ఓపిక పట్టడం ఆ లోకంలో రసికతకు గుర్తు. ఆర్డరెక్కడని తొందరపెట్టేవాడు కొత్తగా డబ్బు చేసినవాడి కింద లెక్క. ఫాక్స్ చేసిన మోసమంతా ఆ ఓపిక మీద నడిచింది.

అతని దగ్గర రెండు రకాల సరుకు అమ్మేవాళ్ళు. కొట్లో ఉన్నది ఒకటి. ఇంకా రానిది, ప్రీ అరైవల్ అని బిల్లు మీద రాసేది, రెండోది. ఆర్నెల్ల నుంచి రెండేళ్ళలో వస్తుందన్న మాట మీద రెండో రకం సరుకు చాలా చౌకగా ఇచ్చేవాడు. ఎంత చౌకంటే, తోటివర్తకులకు టోకు బేరంలో కూడా గిట్టని ధరకు అతను చిల్లరగా అమ్మేవాడు. ఇదెలా సాధ్యమని వాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. యూరప్‌లో తెలిసినవాళ్ళున్నారేమో, మధ్యవర్తులను దాటి తెప్పిస్తున్నాడేమో అని కొందరు అనుకున్నారు. సందేహించినవాళ్ళూ లేకపోలేదు. కానీ ఎదుటి కొట్టు ధర తక్కువని గొణిగే వర్తకుడి మాట ఎవరు చెవిన పెడతారు? అసూయ అనుకుంటారు. పైగా సీసాలు నిజంగానే వచ్చేవి. ఆలస్యంగానైనా, కొన్ని ఆర్డర్లలో సగమే అయినా, వచ్చేవి. వచ్చిన సీసా నకిలీ కాదు. అందువల్ల నమ్మకానికి ఎప్పటికప్పుడు కొత్త సాక్ష్యం దొరికేది.

రాని సీసాల కథ తర్వాత అతని నేరాంగీకారంలో బయటపడింది. వైన్ కొన్నట్టు దొంగ పర్చేజ్ ఆర్డర్లు సృష్టించేవాడు. ఆ లెక్క కంప్యూటర్‌లో నిల్వ కింద ఎక్కేది. నిల్వలో ఉంది కాబట్టి అమ్మకానికి కనిపించేది. ఏ మధ్యవర్తి దగ్గరా కొనని, ఏ ఓడలోనూ ఎక్కని పెట్టెకు ఖాతాదారు డబ్బు కట్టేవాడు. 2010 నుంచి 2015 వరకు ఇలా దాదాపు రెండు కోట్ల డాలర్ల లేని వైన్ అమ్మాడనో, అమ్మజూశాడనో లెక్క తేలింది. పాత ఆర్డరువాడు గట్టిగా నిలదీస్తే కొత్త ఆర్డరువాడి డబ్బుతో సరుకు కొని పంపేవాడు. చీటీలు నడిపే మనిషి ఒక పాటదారుకు ఇవ్వాల్సిన సొమ్ము వాడేసుకుని, కొత్త చీటీ మొదలుపెట్టి ఆ వాయిదాలతో పాతది తీర్చుకుంటూ పోవడం మన ఊళ్ళలో తెలియనిదేం కాదు. చీటీలో అయితే నెల తిరిగేసరికి గుట్టు రట్టవుతుంది. ఇక్కడ ఒక్కో నెలకు బదులు రెండేళ్ళ గడువు చేతిలో ఉంది.

ఈ పెడదారి అతను ఎప్పుడు పట్టాడో గానీ, పట్టిన కాలం మాత్రం అతనికి బాగా కలిసొచ్చింది. 2005 బోర్డోను ఈ శతాబ్దపు మేటి పంట అన్నారు. 2009లో అంతకు మించింది వచ్చింది. ఆ వెంటనే 2010 దాన్నీ తలదన్నిందన్నారు. 2008లో హాంకాంగ్ వైన్ మీద సుంకం ఎత్తేసింది. చైనా డబ్బు బోర్డో మీద కుమ్మరించినట్టు పడింది. లఫీట్ లాంటి అగ్రశ్రేణి తోటల ధరలు ఆకాశాన్నంటాయి. అలాంటి రోజుల్లో ఒక కొట్టు నుంచి, అదీ ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన కొట్టు నుంచి, ఆ సీసాలే బజారు ధరకన్నా బాగా తక్కువకు ఇస్తామని ఈమెయిల్ వస్తే? ఇవాళ కొనకపోతే రేపుండవన్న కంగారుకు ఆ ఏళ్ళలో నిజమైన ఆధారమే ఉంది. ఆ కంగారులో ఆర్డరు పెట్టినవాళ్ళను తెలివితక్కువవాళ్ళని నేననను.

వాళ్ళ ఎదురుచూపు ఎలా సాగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ముందుగా డబ్బు కట్టి మోసపోయిన ప్రతి మనిషికీ అది తెలుసు. మొదటి ఏడాది అడగరు. రెండో ఏడాది ఒక మెయిల్ పెడతారు. ఇంకా రాలేదు, రాగానే తెలియజేస్తామన్న మర్యాదైన జవాబు వస్తుంది. ఆ మర్యాద చూసి అడిగినందుకు వీళ్ళే మొహమాటపడతారు. ఈలోగా వేరే ఆర్డరులోని ఆరు సీసాలు దిగుతాయి. చూశావా, వస్తున్నాయి కదా అని ఇంట్లోవాళ్ళతో అంటారు. ఇంకో ఆఫర్ వస్తే దానికీ డబ్బు కడతారు. ఇక్కడే చూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది, రాని సరుకు అంత ఉండగా మళ్ళీ ఎలా కట్టారని. మనసు పని చేసే తీరే అంత. ఆ కొట్టు మంచిదేనని నమ్మినంతసేపే పాత డబ్బు బతికుంటుంది. నమ్మకం వదిలేస్తే అది పోయినట్టు ఒప్పుకోవాలి. కొత్తగా కట్టే ప్రతి డాలరూ పాత డాలర్లు క్షేమంగా ఉన్నాయని తమకు తాము చెప్పుకునే ధైర్యం. కార్డు మీద కట్టినవాళ్ళకు బ్యాంకుకు ఫిర్యాదు చేసి వెనక్కి రాబట్టుకునే వెసులుబాటు ఉంటుంది గానీ, దానికీ ఒక గడువుంది. రెండు మూడేళ్ళ ఆలస్యం ఆ గడువును దాటించేస్తుంది.

ఇంగ్లండులో ఇలాంటి బేరానికి పాత కట్టుబాటు ఒకటుంది. సుంకం కట్టని గిడ్డంగిలో పెట్టె దిగగానే దాన్ని కొన్నవాడి పేరు మీద విడిగా నమోదు చేస్తారు. కొట్టు మునిగినా పెట్టె కొన్నవాడిదేనని చెప్పుకునే ఆధారం అది. ఆ కట్టుబాటు కూడా సరుకు దిగాకే పనికొస్తుంది. దిగకముందు చేతిలో ఉండేది కాగితమే. ఆ మాటకొస్తే వైన్ పుట్టిల్లయిన ఫ్రాన్సులోనే 1855 అనే ఇంటర్నెట్ కొట్టు ఇలాగే ముందుగా డబ్బు తీసుకుని, ఏళ్ళ తరబడి సీసాలివ్వక, చివరికి 2015లో మూతపడింది. బోర్డో తోటలకు అంతస్తులు నిర్ణయించిన ఏడాది పేరు పెట్టుకున్న కొట్టు అది. అంత ఘనమైన పేరూ వాళ్ళ ఖాతాదారులను కాపాడలేదు.

బర్క్‌లీలో పాపం పండింది కూడా 2015లోనే. అప్పటిదాకా విడివిడిగా మెయిళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కోర్టుకెక్కారు. హాంకాంగ్ కొనుగోలుదారు ఒకరు దాదాపు పది లక్షల డాలర్ల సరుకు రాలేదని దావా వేశారు. వైన్ పత్రికలు ఆ వార్త రాశాయి. దాంతో కొత్త ఆర్డర్ల ప్రవాహం సన్నగిల్లింది. ఇలాంటి వ్యాపారానికి కొత్త డబ్బే ఊపిరి కాబట్టి, అది ఆగాక ఎంతో కాలం పట్టలేదు. ఏడాది చివరికి కొట్టు తలుపులు మూతపడ్డాయి, జనవరిలో దివాలా.

దివాలా కోర్టు నియమించిన ట్రస్టీ గిడ్డంగి తెరిస్తే అందులో దాదాపు 79 వేల సీసాలున్నాయి. ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే. గిడ్డంగి ఖాళీగా ఉండి ఉంటే ఏడ్చి ఊరుకునేవాళ్ళు. అందులో సరుకుంది. కొన్ని సీసాలు ఫలానా ఖాతాదారువని ఆనవాలు పట్టే వీలుంది కూడా. పూర్తి డబ్బు కట్టాను, బిల్లుంది, సీసా కళ్ళముందుంది, ఇవ్వండి అని వాళ్ళు అడిగారు. చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పేరు రాసున్నంత మాత్రాన ఆ సీసా వాళ్ళదవుతుందా, లేక అందరి బాకీలకూ పంచాల్సిన ఉమ్మడి ఆస్తా? ఎవరి డబ్బుతో ఎవరి సీసా కొన్నాడో తెలియని చోట, పేరున్నవాడికిచ్చేస్తే పేరు లేనివాడికి అన్యాయం. ఇవ్వకపోతే పేరున్నవాడికి. లాయర్లు వాదించుకున్నారు, రాజీలు కుదిరాయి, నిల్వ అమ్మకానికి పోయింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళకు దక్కింది, ఇతరులెవరో ఆ సీసాలు కొనుక్కోగా వచ్చిన సొమ్ములో ఓ చిన్న వంతు.

2016 ఆగస్టులో ఫాక్స్ నేరం ఒప్పుకున్నాడు. అప్పటికి వయసు 66. దాదాపు 4,500 మంది ఖాతాదారులకు నాలుగున్నర కోట్ల డాలర్ల మేర సరుకు ఎగ్గొట్టినట్టు అంగీకరించాడు. ఆనాటి మారకం ప్రకారం అది మన లెక్కలో 300 కోట్ల రూపాయల పైమాటే. ఆ డబ్బంతా పాత బాకీలు పూడ్చడానికే పోలేదు. కంపెనీ ఖాతా నుంచి ఇంటి అప్పు వాయిదాలు కట్టాడు, కూతురి కాలేజీ ఫీజు కట్టాడు, క్లబ్బుల్లో గోల్ఫ్ సభ్యత్వాలు తీసుకున్నాడు. కార్వెట్లు, ఫెరారీలు, మసెరాటీ, మెర్సిడెస్ బెంజ్ కార్లు తిప్పాడు. ఇంటర్నెట్‌లో పరిచయమైన ఆడవాళ్ళ మీద తొమ్మిది లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. ఈ పద్దులు చదువుతుంటే అసహ్యం కన్నా ముందు ఒక రకమైన నిస్పృహ కలుగుతుంది. బోర్డో, బర్గండీ రుచులు తెలిసిన మనిషి, ఒక తరం అమెరికన్లకు మంచి వైన్ ఎక్కడుంటుందో చూపించిన వర్తకుడు, చివరికి కోరుకున్నది ఇంతేనా? అతను మొదటి నుంచీ దొంగే అయితే ఈ కథ పోలీసు వార్త. కానీ 1980లో కొట్టు తెరిచినవాడు సీసాలు నిజంగా అమ్మాడు, పేరు నిజంగా సంపాదించాడు. ఆ పేరే తర్వాత పెట్టుబడిగా మారింది. కొత్తవాడెవడైనా అంత తక్కువ ధర చెప్పి రెండేళ్ళు ఆగమంటే ఒక్కరూ డబ్బు కట్టరు.

అదే ఏడాది డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టు అతనికి ఆరున్నరేళ్ళ జైలు వేసింది. నాలుగున్నర కోట్ల డాలర్లు బాధితులకు చెల్లించాలని చెప్పింది. దివాలా తీసి జైలుకెళ్తున్న ఆ వయసు మనిషి నుంచి అంత డబ్బు తిరిగొస్తుందని ఎవరూ అనుకోలేదు.

తాగుబోతుల డబ్బు పోతే మనకెందుకయ్యా ఈ శోకం అని అడిగేవాళ్ళుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంధ్రాలో, తెలంగాణలో అగ్రిగోల్డ్ డిపాజిట్‌దారులు రోడ్డెక్కి ఉన్నారు. స్థలమిస్తామనీ, హెచ్చు సొమ్మిస్తామనీ చెప్పి లక్షల కుటుంబాల దగ్గర వసూలు చేసిన సంస్థ అది. కూలి డబ్బులు దాచుకున్నవాళ్ళ పక్కన లఫీట్ సీసాలు కొన్నవాళ్ళను నిలబెట్టి ఇద్దరి దుఃఖమూ ఒకటేనని చెప్పే సాహసం నేను చేయను. ఒకరికి పోయింది పిల్ల పెళ్ళి, ఇంకొకరికి పోయింది విలాసం. కానీ గడువు పొడిగించే మాట, ముందుగా అందినవాడిని చూసి వెనకున్నవాడు ధైర్యం తెచ్చుకోవడం, చివర్న ఆస్తులు వేలం వేసి వచ్చినదాన్ని పంచమని కోర్టు చుట్టూ తిరగడం, ఇవన్నీ రెండు చోట్లా అచ్చంగా ఒకే తీరున నడిచాయి. ఇల్లున్నవాడికి ఒక రకం, లేనివాడికి ఒక రకం మోసాన్ని ఎవరూ విడిగా కనిపెట్టలేదు.

వైన్ కొనేవాళ్ళలో ఒక వాడుక ఉంది. బిడ్డ పుట్టిన సంవత్సరపు పంట నుంచి ఒక పెట్టె కొని దాస్తారు. బిడ్డకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండగానే, అమెరికాలో చట్టప్రకారం తాగే వయసది, మొదటి సీసా కలిసి తెరుస్తారు. 2009, 2010 లాంటి గొప్ప పంటల ఏళ్ళలో పుట్టిన పిల్లలున్న తల్లిదండ్రులకు అదొక అదృష్టం. ఇరవై ఒక్క ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలిచే వైన్ ప్రతి ఏడాదీ దొరకదు. అలాంటి పెట్టెకు రెండేళ్ళ ముందు డబ్బు కట్టడానికి ఎవరు జంకుతారు, బిడ్డ పెరగడానికి ఇరవై ఏళ్ళుండగా?

ప్రీమియర్ క్రూ నడిచిన ఆ భవనాన్ని 2017లో బర్క్‌లీ నగరపాలక సంస్థ కొనేసింది. 2010 బోర్డో మాత్రం ఆ పంట చేసినవాళ్ళు చెప్పినట్టే మెల్లగా పాకానికొస్తోంది, సరైన గదుల్లో పడుకున్న చోటల్లా. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు 2031లో ఇరవై ఒకటి నిండుతాయి. బర్క్‌లీలో డబ్బు పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇంకా ఆ ముచ్చట తీర్చుకోవాలనుకుంటే మళ్ళీ కొనాలి. ఇంకో దుకాణంలోనో వేలంలోనో, ఇవాళ్టి ధరకు. చాలామంది ఈసారి డబ్బు కట్టేది సీసా చేతికొచ్చాకే.